పాతబస్తీ దమ్మిడీ లెక్క

మక్కా మసీదు పునాదిరాయి గురించి హైదరాబాదు పాతబస్తీలో తరతరాలుగా ఒక కథ చెప్పుకుంటారు. 1617లో కట్టడం మొదలుపెట్టే రోజున గోల్కొండ సుల్తాను మహమ్మద్ కుతుబ్ షా నగరంలోని పండితులను, పెద్దమనుషులను పిలిపించి ఒక షరతు పెట్టాడట. పన్నెండో ఏడు వచ్చిన నాటి నుంచి ఒక్క రాత్రి కూడా తహజ్జుద్ నమాజు తప్పనివారెవరైనా ఉంటే, వారే వచ్చి మొదటి రాయి వేయాలన్నాడు. తహజ్జుద్ అంటే అర్ధరాత్రి దాటాక, ఊరంతా నిద్రలో ఉన్నప్పుడు లేచి చేసుకునే నమాజు. తప్పనిసరిగా చేయాల్సిన అయిదు పూటల్లో అది లేదు. చేశావా అని అడిగేవాళ్లుండరు, చేశానని చూపడానికి సాక్షులూ ఉండరు. సభలో ఒక్కరూ కదల్లేదు. చివరికి సుల్తానే ముందుకు వచ్చి, తనకు ఆ అలవాటు ఏనాడూ తప్పలేదని దేవుణ్ణి సాక్షిగా పెట్టుకుని రాయి వేశాడని కథ ముగుస్తుంది. ఎవరు ఎక్కువ చదివారు, ఎవరు ఎక్కువ దానం చేశారు, ఎవరు ఎన్ని యుద్ధాలు గెలిచారు అని అతను అడగలేదు. ఎవరికీ కనిపించని ఒక చిన్న పనిని రోజూ చేసినవారెవరు అని మాత్రమే అడిగాడు. రాయి వేసిన సుల్తాను 1626లో పోయాడు. మసీదు 1694లో ఔరంగజేబు కాలంలో గానీ పూర్తి కాలేదు. డెబ్బై ఏడేళ్లు పట్టిన పనికి మొదటి అర్హతగా ఈ ఊరు గుర్తుపెట్టుకున్నది ఒక అలవాటును.

ఇది కథే కదా, దీన్ని చరిత్ర అంటారా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. ఆ రోజు సభలో నిజంగా ఏం జరిగిందో ఈ కథ మనకు రుజువు చేయదు. కానీ ఒక ఊరు నాలుగు వందల ఏళ్లపాటు ఏ కథను మోసుకొచ్చిందన్నది చరిత్రే. రాజుల గురించి ప్రజలు ఊరికే కథలు కట్టరు. తాము దేన్ని గొప్ప అనుకుంటారో దాన్ని రాజుకు అంటగడతారు. పాతబస్తీ తన అతి పెద్ద కట్టడానికి అంటగట్టినది మహాదానాన్నో మహాయజ్ఞాన్నో కాదు, వేళ తప్పని చిన్న పనిని. ఈ ఊరి చరిత్రలో సంతోషం అనేది మనసులో పుట్టే ఒక పొంగుగా కాక, వేళకు జరిగే చిన్న మంచిగా ఎలా కుదురుకుందో, అది ఎందుకు నిలిచిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

మక్కా మసీదుకు తోబుట్టువు లాంటి కథ కార్వాన్ వైపు ఉంది. పురానాపూల్ దాటి గోల్కొండకు పోయే దారిలో 1671లో కట్టిన టోలీ మసీదు అది. అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర పనిచేసిన మూసా ఖాన్ దాన్ని కట్టించాడు. మక్కా మసీదు పనుల మీద అజమాయిషీ చేసిన మూసా ఖాన్‌కు, అక్కడ ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ చొప్పున ముట్టేదనీ, ఆ దమ్డీలన్నీ కూడబెట్టి ఈ మసీదు కట్టాడనీ జనం చెబుతారు. అందుకే దానికి దమ్డీ మసీదు అనే పేరు కూడా ఉంది. దమ్డీ అంటే మన దమ్మిడీయే. తెలుగులో దమ్మిడీకి దక్కిన మర్యాద అంతంత మాత్రం. పనికిరానివాణ్ణి దమ్మిడీకి కొరగాడంటాం, ఊరికే హడావిడి పడేవాణ్ణి చూసి దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అంటాం. అంత చులకనైన నాణెం పేరును ఈ ఊరు ఒక రాతి కట్టడానికి పెట్టుకుంది. ముందువైపు కమానుల మీద, మినార్ల మీద సున్నంతో చేసిన పనితనం చూస్తే, ఇంత సొగసు దమ్మిడీల్లోంచి వచ్చిందా అనిపించక మానదు. కథ నిజమైనా కాకపోయినా, చిల్లరకు ఇంత గౌరవం ఇచ్చిన ఊళ్లు అరుదు.

ఇక లంగర్ సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే పెద్ద మంచికీ చిన్న మంచికీ ఉన్న తేడా ఇందులో బయటపడుతుంది. హయాత్ బక్షీ బేగం మహమ్మద్ కులీ కుతుబ్ షాకు కూతురు, మహమ్మద్ కుతుబ్ షాకు భార్య, అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లి. కుర్రవాడైన అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదమెక్కి, అతన్ని మోసుకుని అడవిలోకి పరుగెత్తింది. రోజులు గడిచినా జాడ లేదు. అప్పుడు ఆ తల్లి, ఏనుగు ఎటు తిరిగినా పిల్లవాడి చేతికి అందేలా దారుల వెంట చెట్ల కొమ్మలకు అన్నం మూటలు, నీళ్లు కట్టించిందని చెబుతారు. కొడుకు క్షేమంగా తిరిగివస్తే, ఏనుగును కట్టే గొలుసంత బంగారు గొలుసు చేయించి హుసైనీ ఆలం పీర్లచావడికి మోయించి పేదలకు పంచుతానని మొక్కుకుంది. కొడుకు తిరిగివచ్చాడు, మొక్కు తీరింది. లంగర్ అంటే గొలుసు. ఆ మొక్కు పేరుతోనే ఏటా మొహర్రం అయిదో రోజున లంగర్ ఊరేగింపు మొదలైంది. తర్వాత నిజాంలైన ఆసఫ్ జాహీల కాలానికి అది ఏనుగులు, అరబ్ దళాలు, జాగీర్దార్ల సైన్యాలు బారులు తీరే పెద్ద కవాతుగా మారింది. పత్తర్‌గట్టీ మేడల మీద నుంచి దొరలూ దొరసానులూ చూసే వేడుక అయింది. ఇరవయ్యో శతాబ్దంలో అది ఆగిపోయింది. రాజుల అండ లేనిదే అంతటి కవాతుకు ఆధారమేముంది? కానీ అదే కథలోని రెండో సగం, అంటే దారిన పోయేవాడి చేతికి అందేలా అన్నమూ నీళ్లూ పెట్టడం, ఆగలేదు. బంగారు గొలుసుకు రాజు కావాలి. చెట్టుకొమ్మకు కట్టే నీళ్లకు ఒక ఇల్లు చాలు. నిలిచింది రెండోదే.

మొహర్రం పది రోజులూ దబీర్‌పురా నుంచి దారుల్‌షిఫా దాకా గల్లీ గల్లీలో కనిపించే సబీల్ ఆ రెండో సగానికి వారసురాలు. సబీల్ అన్న అరబీ మాటకు దారి అని అర్థం. దేవుడి దారిలో ఇచ్చేది కనుక నీళ్ల పందిరికి ఆ పేరు వచ్చింది. మామ్లూకుల కాలపు కైరోలో వీధి మలుపుల్లో జాలీ కిటికీలతో రాతి సబీళ్లు కట్టి, పై అంతస్తులో పిల్లలకు బడి నడిపేవారు. హైదరాబాదుకు వచ్చేసరికి సబీల్ మరింత బీదదైంది, బహుశా అందుకే మరింత గట్టిదైంది. నాలుగు కర్రలు, ఒక నల్లగుడ్డ, నీళ్ల పీపా, గ్లాసులు చాలు. 680లో కర్బలా ఎడారిలో యూఫ్రటీస్ నది కళ్లెదుటే ఉన్నా ప్రవక్త మనవడు హుసేన్ కుటుంబానికి గుక్కెడు నీళ్లు అందనివ్వలేదు. ఆ దాహాన్ని తలుచుకుని ఇచ్చే నీళ్లివి. ఏడ్వడానికి ఉద్దేశించిన రోజుల్లోనే ముక్కూ మొహం తెలియనివాడి దాహం తీర్చే పని పెట్టుకోవడంలో గొప్ప మానవజ్ఞానం ఉంది. దుఃఖానికి కూడా చేతినిండా పని దొరుకుతుంది.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. మన చలివేంద్రం ఇదే పని చేస్తుంది. గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం 1261 నాటిది, రుద్రమదేవి కాలంలో గోళకీ మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యులు వేయించినది. అందులో ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్ని కులాలవాళ్లకూ అన్నం పెట్టే సత్రానికి ఆదాయం రాసిపెట్టారు. ఒక్కరోజు సంతర్పణ కోసం చేసిన ఏర్పాటు కాదది. రోజూ పొయ్యి వెలగాలని చేసిన ఏర్పాటు. హైదరాబాదు పుట్టిన నాలుగైదేళ్లకే, 1595 ప్రాంతంలో, మహమ్మద్ కులీ కట్టించిన దారుల్‌షిఫా ఆసుపత్రి కూడా అదే పద్ధతిలో నడిచింది. మధ్యలో విశాలమైన ఆవరణ, చుట్టూ రెండంతస్తుల గదులు, యునానీ హకీములు, ఉచితంగా మందూ అన్నమూ. నాలుగు వందల మంది రోగులకు చోటుండేదంటారు. చార్మినార్ కట్టిన చేత్తోనే మందుల గది కూడా కట్టాడు. నగరానికి నక్షా గీసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ సొంత సొమ్ముతో నేల కొని శ్మశానంగా వదిలాడు. తర్వాత తానూ అక్కడే పడుకున్నాడు. 

ఇప్పుడు వేసవిలో పెట్టే ఒక చలివేంద్రాన్ని దగ్గరగా చూద్దాం. వేపచెట్టు కింద ఇసుక పోసి, దాని మీద రంజను కూర్చోబెడతారు. రంజను చుట్టూ గోనెగుడ్డ చుట్టి తడుపుతారు. మట్టి చెమర్చిన కొద్దీ, గుడ్డ తడి ఆరిన కొద్దీ లోపలి నీళ్లు చల్లబడతాయి. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి అడుగున మిగిలిన నీళ్లు పారబోసి, లోపల చెయ్యి పెట్టి తోమి, కొత్త నీళ్లు పోయాలి. మధ్యాహ్నానికి మళ్లీ నింపాలి. గోనె ఆరితే మళ్లీ తడపాలి. ఇదంతా కలిపితే గంట పని కూడా కాదు. కానీ ఏ రోజుకారోజు జరగాలి. రిక్షా తొక్కేవాడు, గాజుల పెట్టె నెత్తిన పెట్టుకుని లాడ్ బజార్‌కు పోయేవాడు, ఆ మలుపులో నీళ్లుంటాయన్న నమ్మకంతోనే ఎండలో ఆ దారి పడతారు. ఒక్కరోజు రంజను ఖాళీగా కనిపిస్తే మర్నాడు వాళ్లు ఇంకో దారి చూసుకుంటారు. రంజను ఇచ్చేది నీళ్లు మాత్రమే కాదు, నీళ్లుంటాయన్న భరోసా కూడా. ఆ భరోసా ఎంత పెద్ద మనసుతోనూ ఒక్కసారిగా ఇవ్వగలిగేది కాదు. అందుకే చిన్నదైనా ఆగకుండా చేసే పనే దేవుడికి ప్రీతి అని ఇస్లాం సంప్రదాయం చెబుతుంది. అందుకే మన ఇల్లాలు చీమల కోసమని వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది పండుగనాడే కాదు, పొద్దుపొద్దునా.

పుచ్చుకునేవాడి సంగతి సరే, ఇచ్చేవాడికి ఇందులో సంతోషం ఎక్కడుంది? పాతబస్తీ ఇళ్లలో ఉన్న ఇమామ్ జామిన్ ఆచారంలో దీనికి జవాబు కనిపిస్తుంది. దూరప్రయాణానికి బయలుదేరేవారి కుడి జబ్బకు ఒక నాణెం గుడ్డలో చుట్టి కడతారు. తల్లో, అక్కో, మేనత్తో దువా చదువుతూ ముడి వేస్తుంది. చేరాల్సిన చోటికి క్షేమంగా చేరాక ఆ ముడి విప్పి, నాణేన్ని పేదలకు ఇచ్చేయాలి. ఆ ముడిలో భయం ఉంది, ప్రేమ ఉంది, ఇంకా ఎదురుపడని ఒక బీదవాడి వాటా కూడా ఉంది. ఎక్కడికి పోయినా అక్కడ చేయాల్సిన మొదటి పని ఒక మంచిపని అని ముందే తేలిపోయింది. ఇవ్వనా వద్దా, ఎంత ఇవ్వను, ఇప్పుడు మనసు బాగాలేదే అన్న తర్జనభర్జన లేదు. పొద్దున్నే దానం కోసం తీసిపెట్టే సద్కా పైసా కూడా అంతే. మంచిపనికి మనసు కలగాలని కూర్చుంటే చాలా రోజులు గడిచిపోతాయి. వేళ పెట్టుకుంటే మనసే ఆ వేళకు అలవాటు పడుతుంది.

ఈ మాటకు ఈ మధ్య ప్రయోగశాల నుంచి కూడా సాక్ష్యం దొరికింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, హార్వర్డ్‌లో మైకేల్ నార్టన్ కలిసి చేసిన పరిశోధన 2008లో సైన్స్ పత్రికలో వచ్చింది. 46 మందికి పొద్దున కవర్లలో డబ్బిచ్చారు. కొందరికి అయిదు డాలర్లు, కొందరికి ఇరవై. కొందరిని తమ కోసం, కొందరిని ఇతరుల కోసం సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. ఇతరుల కోసం ఖర్చు పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. అంతకంటే ముఖ్యమైనది, ఇచ్చింది అయిదైనా ఇరవైనా సంతోషంలో తేడా కనిపించలేదు. వేరే కొందరిని ముందుగా ఊహించి చెప్పమంటే, తమ కోసం ఖర్చు పెట్టుకునేవాళ్లే, ఇరవై దొరికినవాళ్లే సంతోషంగా ఉంటారని చెప్పారు. మనుషులు తప్పుగా ఊహించే ఈ విషయాన్ని దమ్డీ మసీదు కథ ఎప్పుడో సరిగ్గా పట్టుకుంది. 46 మంది మీద చేసిన ఒక్క ప్రయోగం శాసనం కాదు, నిజమే. కానీ నాలుగు వందల ఏళ్ల ఆచారం పక్కన పెట్టి చూస్తే దాని బరువు పెరుగుతుంది.

అయితే ఇచ్చే తీరులో చిన్నతనం ఉంటే చిన్న మంచి కూడా పాడవుతుంది. మహారాజా కిషన్ పర్షాద్ కథ ఇక్కడ ఆలోచించదగ్గది. షాలిబండలో ఆయన దేవిడీ. రెండు విడతలుగా, రెండోసారి 1926 నుంచి 1937 దాకా, ఆయన నిజాం ప్రభుత్వాన్ని నడిపాడు. ఉర్దూలో కవిత్వం రాశాడు. ఆయన పెట్టుకున్న కలం పేరు షాద్, అంటే సంతోషంగా ఉన్నవాడు. ఈద్ అన్నా దీపావళి అన్నా ఆయనకు ఒక్కటే. మోటారులో పోతూ రోడ్డుకు ఇరువైపులా నాణేలు విసిరేవాడని, ఆయన కారు కోసం పిల్లలు కాచుకునేవారని చెప్పుకుంటారు. ఆయన మంచితనాన్ని శంకించడానికి నాకు నోరు రాదు. కానీ విసిరిన నాణెం కోసం దుమ్ములో పెనుగులాట తప్పదు. బలమున్న పిల్లవాడికి దొరుకుతుంది, కుంటివాడికి దొరకదు. రంజను దగ్గర పెనుగులాట లేదు. దోసిలి పట్టినవాడికి పోసిన నీళ్లు అతని కులం అడగవు, దండం పెట్టమనవు. అలా పోసినప్పుడే ఆ మంచికి గౌరవం. చలివేంద్రంలో కూడా కొందరికి దూరం నుంచి పోసిన రోజులు మన చరిత్రలో ఉన్నాయి. ఆ మచ్చను దాచి చలివేంద్రాన్ని పొగడడం తప్పు. మన తాతలు ఆచారాన్ని ఇచ్చారు గానీ, దాన్ని అందరికీ సమానం చేసే పనిని మనకు మిగిల్చారు.

అసలైన ఆక్షేపణ ఇంకా ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగింది. పదిహేను వేల మంది చనిపోయారని అంచనా, వేలాది మందికి గూడు పోయింది. అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా రాజమహళ్ల తలుపులు తెరిపించి అన్నం పెట్టించాడు. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలు పట్టుకుని 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతుర్నీ ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు. ఇంతటి నష్టం ముందు సద్కా పైసా ఏపాటి? వరదను ఆపింది చలివేంద్రాలు కావు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మీద కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు. 1920లో ఒకటి, 1927లో ఒకటి పూర్తయ్యాయి. ఈ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పెద్ద పనులు చేయాల్సిన ప్రభుత్వం తప్పుకుంటే, ఆ లోటును చిన్న మంచితో పూడ్చుకోమని చెప్పేవాళ్లను నమ్మకూడదు. కాకపోతే పెద్ద పనికి ఒక రోజు ప్రారంభం ఉంటుంది, ఒక రోజు ముగింపు ఉంటుంది. ఆ రెండు రోజుల మధ్యలోనూ, ఆ తర్వాతా జనం బతకాలి. ఆనకట్ట నీటిని ఆపుతుంది గానీ దాన్ని ముసలమ్మ నోటి దాకా తెచ్చేది ఎవరో ఒక మనిషి చెయ్యే.

ఇంకో ఆక్షేపణ మరింత పదునైనది. ఇంత తహజీబ్, అంటే మర్యాద, ఉన్న ఊళ్లో 1990 డిసెంబరు మత అల్లర్లు ఎందుకు జరిగాయి? పొద్దున ఆదాబ్ చెప్పుకున్నవాళ్లు సాయంత్రానికి కర్ఫ్యూలో ఒకరినొకరు అనుమానంగా ఎందుకు చూసుకున్నారు? రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వర్షనే 2002లో వచ్చిన తన పుస్తకంలో హైదరాబాదును లక్నోతో పక్కపక్కన పెట్టి పరిశీలించాడు. పెద్ద నగరాల్లో పలకరింపులు, పండుగ పలహారాలు మాత్రమే అల్లర్లను ఆపలేవనీ, హిందువులూ ముస్లిములూ కలిసి నడిపే వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు లాంటివి ఉన్నచోటే శాంతి నిలుస్తుందనీ ఆయన వాదన. దీన్ని కొట్టిపారేయలేం. ఒంటరి మంచితనం పుకారు ముందు నిలవదు. కానీ సబీల్ ఒక్కడి పని కాదని గుర్తుచేయాలి. దానికి చందా వేసేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, గ్లాసులు కడిగేవాళ్లు, ఎవరి వంతు ఏ రోజో చెప్పేవాళ్లు కావాలి. మొహర్రం పీరు బీబీ కా ఆలం ఏనుగు మీద దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా వచ్చే రోజున, లాల్‌దర్వాజా బోనాలనాడు, పక్క మతంవాళ్లు దారి వెంట నీళ్లు ఇవ్వడం ఈ ఊళ్లో ఉంది. ఆ వంతుల చీటీలో రెండు మతాల పేర్లు ఉంటే, ఏడాది పొడుగునా ఉంటే, వర్షనే అడుగుతున్న సంఘం అక్కడే మొలకెత్తుతుంది. ఆ పేర్లు పండుగ దాటగానే చెరిగిపోవడమే పాతబస్తీ లోపం.

మక్కా మసీదు ఆవరణలో పావురాలకు గింజలు వేసే చోట పొద్దున కాసేపు నిలబడితే ఈ లెక్క కళ్లకు కడుతుంది. మనుషులు వస్తారు, గుప్పెడు గింజలు తీసుకుంటారు, విసురుతారు, పోతారు. బురఖాలో ఒక పెద్దామె, స్కూలు బ్యాగుతో ఒక పిల్లాడు, ఊరు చూడ్డానికి వచ్చిన కొత్త జంట. గింజలు రాతి మీద టపటపా రాలగానే వందల పావురాలు ఒక్కసారి దిగుతాయి. ఎవరు ఎంత వేశారో వాటికి తెలియదు. మధ్యాహ్నానికి రాతి మీద ఒక్క గింజ మిగలదు. మర్నాడు పొద్దున అదే వేళకు గోడల మీద, గుమ్మటాల అంచుల మీద పావురాలు మళ్లీ వరుసగా కూర్చుని ఉంటాయి.